డీవీడీ డ్రైవ్ పోలేదు, కేబుల్ పోయింది: గాంధీబొమ్మ దగ్గరి ఒక రిపేరు షాపు గురించి

నెల్లూరులో కంప్యూటర్ షాపులకి కొదవేం లేదు. ట్రంకు రోడ్డు పొడుగునా కొత్తవి అమ్మేవాళ్ళే. పాతది బాగుచేసేవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. కానీ ఏది పోయిందో, ఎందుకు పోయిందో మన కళ్ళ ముందు చూపించి, అది మాత్రమే మార్చి, మిగతాది ముట్టుకోకుండా ఇచ్చేవాళ్ళు నాకు ఈ ఊళ్ళో ఒక్కరే తగిలారు. గాంధీబొమ్మ సెంటర్ నుంచి లోపలికి పోయే ఒక సందులో, మెట్లకింద ఉన్న చిన్న గది ఆయన షాపు. బోర్డు కూడా సరిగా కనపడదు. పేరు రాయమంటారేమో, ఆయనే వద్దన్నాడు, రిపేర్లు చేసేది నేనొక్కణ్ణే, ఫోన్లు ఎక్కువైతే చేతిలో పని ఆగిపోతుంది అన్నాడు. అందుకని పేరు పెట్టట్లేదు. ఆయన చేసిన పని మాత్రం పూర్తిగా రాస్తాను, ఎందుకంటే మీరు ఏ షాపుకి వెళ్ళినా ఇలా చేయమని అడగొచ్చు.

సంగతేంటంటే మా ఇంట్లో డెస్క్‌టాప్ ఒకటి ఉంది, విండోస్ 10. దానికి డీవీడీ రైటర్ ఉంది. ఉన్నట్టుండి మై కంప్యూటర్‌లో అది కనపడటం మానేసింది. బటన్ నొక్కితే ట్రే బయటికి వస్తుంది, డిస్క్ పెడితే లోపలికి పోతుంది, లైటు కూడా వెలుగుతుంది, కానీ స్క్రీన్ మీద మాత్రం డ్రైవ్ లేదు. ఈ రోజుల్లో డీవీడీతో ఏం పని అంటారేమో. అమ్మకి మోకాలి ఎంఆర్ఐ ఇక్కడే, ఆస్పత్రులుండే పొగతోటలో తీయించాం, స్కానింగ్ సెంటర్ వాళ్ళు ఫిల్ముతో పాటు సీడీ ఇచ్చారు. చెన్నైలో డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు బొమ్మలన్నీ పంపమన్నారు. నాన్నగారి షష్టిపూర్తి వీడియో కూడా డీవీడీల్లోనే ఉంది, దానికి ఇంకో కాపీ లేదు. ఇలాంటివి చాలా ఇళ్ళల్లో ఉంటాయి, బీరువాలో చీరల కింద పడి ఉంటాయి, అవసరం వచ్చిన రోజే డ్రైవ్ మొరాయిస్తుంది.

మొదట వెళ్ళింది వేరే షాపు. పెద్ద షాపే, ఏసీ ఉంది, కూర్చోడానికి కుర్చీలున్నాయి. ఆ పేరు కూడా రాయను. అక్కడ కుర్రాడు సీపీయూ ఆన్ చేసి, డ్రైవ్ కనపడట్లేదని చూసి, "మేడమ్, డ్రైవ్ పోయింది, ఇప్పుడు ఇవెవరూ వాడట్లేదు, ఎక్స్‌టర్నల్ తీసుకోండి" అన్నాడు. ఎక్స్‌టర్నల్ అంటే బయట నుంచి యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్. ధర 2,200 చెప్పాడు. ఒకసారి విప్పి చూడమన్నాను. విప్పలేదు. దానికి బదులు కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి "పాత సాఫ్ట్‌వేర్లు అడ్డం పడుతుంటాయి" అంటూ డిస్క్ బర్న్ చేసే, అంటే డిస్కులోకి ఫైళ్ళు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఇంకేవో రెండుమూడు, నన్ను అడగకుండానే తీసేశాడు. రీస్టార్ట్ చేశాడు. డ్రైవ్ రాలేదు. చెకింగ్ చార్జీ 200 తీసుకున్నారు. ఆ డబ్బు పోయిందని కాదు నా బాధ. అడక్కుండా తీసేయడం వల్ల ఏమైందో తర్వాత తెలిసింది, అది కింద చెప్తాను.

గాంధీబొమ్మ దగ్గరి ఆయన గురించి మా వేదాయపాళెంలో పక్కింటివాళ్ళు చెప్పారు. ఫోన్ చేస్తే "మానిటరూ అయ్యీ వద్దక్కా, సీపీయూ ఒక్కటీ తెచ్చుకోండి, చదివే డిస్కు ఒకటి, చదవని డిస్కు ఒకటి ఉంటే పట్టుకురండి" అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం నమ్మకం వచ్చింది. డిస్కు కూడా తెమ్మన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

షాపులోకి వెళ్ళాక ఆయన వెంటనే విప్పలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. "ట్రే బయటికొస్తా ఉండాదా? డిస్కు పెడితే తిరిగే శబ్దం వస్తాదా? ఈ మధ్య ఎస్ఎస్‌డీ ఏమన్నా ఏయించినారా? సీపీయూ జరిపినారా? ఎవరన్నా సాఫ్ట్‌వేర్లు తీసినారా?" ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో కారణం ఉంది, అడిగితే పని చేస్తూనే చెప్పాడు.

ట్రే సంగతి ఎందుకంటే, డెస్క్‌టాప్ డ్రైవ్‌కి రెండు కేబుళ్ళు వెళ్తాయి. వెడల్పుగా ఉండే 15 పిన్నులది కరెంటుకి, సన్నగా ఉండే 7 పిన్నులది డేటాకి. ట్రే తెరుచుకోవడానికీ లైటు వెలగడానికీ కరెంటు ఒక్కటి చాలు. కాబట్టి ట్రే వస్తోందంటే కరెంటు కేబుల్ బాగున్నట్టే, డేటా కేబుల్ గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. చాలామంది ట్రే వస్తోంది కదా అని కేబుల్ వైపే చూడరు, డ్రైవ్ లోపలే ఏదో పోయిందనుకుంటారు. ట్రే కూడా రాకపోతే అప్పుడు కరెంటు కేబుల్, లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా చూడాలి. కరెంటు లేకపోయినా లోపల ఇరుక్కుపోయిన డిస్కు తీసుకోవచ్చు, ముందు భాగంలో సన్న రంధ్రం ఉంటుంది కదా, కంప్యూటర్ ఆపేసి అందులో పేపర్ క్లిప్పు సాపు చేసి మెల్లగా గుచ్చితే ట్రే కొంచెం బయటికి వస్తుంది.

ఎస్ఎస్‌డీ ప్రశ్న నాకు కొత్త. హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్ అది. ఈ మధ్య చాలామంది పాత కంప్యూటర్ స్పీడు కోసం బోర్డు మీద పడుకోబెట్టే ఎం.2 ఎస్ఎస్‌డీ వేయించుకుంటున్నారు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ ఎం.2 స్లాట్ నింపితే దానితో పంచుకునే ఒక సాటా పోర్టు, అంటే డ్రైవ్ డేటా కేబుల్ తగిలించే చోటు, దానంతటదే ఆగిపోతుంది. ఆ పోర్టుకే డీవీడీ డ్రైవ్ తగిలించి ఉంటే డ్రైవ్ మాయం. డ్రైవ్‌కీ జబ్బు లేదు, కేబుల్‌కీ లేదు, పక్క పోర్టుకి మారిస్తే సరి. బోర్డుతో వచ్చే పుస్తకంలో ఏ స్లాట్ వాడితే ఏ పోర్టు ఆగుతుందో రాసి ఉంటుంది. మాది అది కాదు, మేము ఎస్ఎస్‌డీ వేయించలేదు. కానీ ఇది తెలియక మంచి డ్రైవ్ పారేసినవాళ్ళు ఎంతమంది ఉంటారో.

తర్వాత బయాస్, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి లోపలికి వెళ్ళాడు, కొన్నిటికి ఎఫ్2 ఉంటుంది. అక్కడ సాటా పోర్టుల వరస చూపించి, ఇక్కడ హార్డ్‌డిస్క్ పేరుంది, ఇక్కడ డ్రైవ్ పేరు ఉండాలి, ఖాళీగా ఉంది చూడండి అన్నాడు. నా దృష్టిలో ఈ రిపేరు మొత్తానికీ కీలకం ఇదే. బయాస్ అంటే విండోస్ ఇంకా మొదలుకాక ముందు సంగతి. బయాస్‌లోనే పేరు లేకపోతే తప్పు కేబుల్‌దో, పోర్టుదో, డ్రైవ్‌దో, లేదా బయాస్‌లో ఆ పోర్టు ఆఫ్ చేసి ఉండటమో. విండోస్‌లో ఎన్ని డ్రైవర్లు వేసినా, మొత్తం ఫార్మాట్ చేసినా ఉపయోగం లేదు. బయాస్‌లో పేరుండి విండోస్‌లో లేకపోతే తప్పు విండోస్‌ది, కొత్త డ్రైవ్ కొనడం వృథా. ఇది చూడ్డానికి ఒక్క నిమిషం పడుతుంది. అది చూడకుండా డ్రైవ్ పోయిందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

ఇక సీపీయూ విప్పాడు. డ్రైవ్‌ని బయటికి తీసి తన టేబుల్ మీద ఉన్న కంప్యూటర్‌కి, తన కేబుళ్ళతోనే తగిలించి ఆన్ చేశాడు. మా డ్రైవ్ పేరు అక్కడ బయాస్‌లో వచ్చేసింది. అంటే డ్రైవ్ బతికే ఉంది. పెద్ద షాపువాళ్ళు పోయిందని తేల్చేసిన డ్రైవ్ అది.

అప్పుడు మా డేటా కేబుల్ తీసి ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూపించాడు. ఎర్ర రంగు పాత కేబుల్, కొసలో ఇనుప క్లిప్పు లేని రకం. కనెక్టర్‌ని ఆనుకునే కేబుల్ మడత పడి ఉంది, ఆ మడత దగ్గర పైన ప్లాస్టిక్ తెల్లబడి పోయింది. ఎందుకలా అయిందో కూడా చూపించాడు. డ్రైవ్ వెనక నుంచి కేబుల్ పక్కకి పొడుచుకొచ్చి, సీపీయూ పక్క రేకు మూసినప్పుడల్లా దాన్ని నొక్కుతోంది. రేకు తీసేసి కేబుల్‌ని వేలితో కొంచెం పైకి లేపి పట్టుకుంటే బయాస్‌లో డ్రైవ్ పేరు వచ్చింది, వదిలేసి మళ్ళీ ఆన్ చేస్తే పోయింది. నా చేత కూడా పట్టించాడు. నేను వేలు పెట్టి లేపి పట్టుకుంటే పేరు రావడం నా కళ్ళతో చూశాక ఇక అనుమానం ఏముంటుంది. క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వేసి, రేకుకి తగలకుండా కిందకి తిప్పి, టై వేసి బిగించాడు. క్లిప్పు ఉంటే టక్కుమని పడుతుంది, కదిలినా ఊడదు. కేబుల్ ఖరీదు వందకి అటూఇటూ.

బయాస్‌లో పేరు వచ్చింది. అయిపోయిందనుకున్నాను. విండోస్ ఆన్ అయింది, మై కంప్యూటర్‌లో డ్రైవ్ మళ్ళీ లేదు.

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, లేకపోతే ఫార్మాట్ చేయాలంటారు. ఆయన విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచాడు, కంప్యూటర్‌కి తగిలించిన పరికరాలన్నీ అందులో కనపడతాయి. డీవీడీ/సీడీ-రామ్ డ్రైవ్స్ అనే చోట మా డ్రైవ్ పేరుంది, పక్కన పసుపుపచ్చ త్రికోణం ఉంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఈ పరికరానికి డ్రైవర్ లోడ్ చేయలేకపోతున్నాను, అది పాడయి ఉండొచ్చు లేదా లేకపోయి ఉండొచ్చు అని విండోస్ చెప్తోంది, చివర కోడ్ 39. ఆ నంబరు చూడగానే "ఎవరన్నా బర్నింగ్ సాఫ్ట్‌వేర్ పీకేసినారా అక్కా?" అని మళ్ళీ అడిగాడు. పెద్ద షాపులో జరిగింది చెప్పాను.

అప్పుడు ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. తన సొరుగులోంచి ఒక ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ తీసి మా సీపీయూకి యూఎస్‌బీలో పెట్టాడు. బాగా పనిచేసే డ్రైవ్ అది, అంతకుముందే తన కంప్యూటర్‌లో డిస్క్ ఆడించి చూపించాడు. మా కంప్యూటర్‌లో పెట్టగానే దాని పక్కన కూడా పసుపుపచ్చ త్రికోణమే, అదే కోడ్ 39. "రెండు డ్రైవులు ఒకేపాలి పోతాయా? తప్పు డ్రైవ్‌లో లేదు, విండోస్‌లో ఉండాది" అన్నాడు. అంటే నేను మొదటి షాపులో 2,200 పెట్టి ఎక్స్‌టర్నల్ కొనుక్కుని ఇంటికి వచ్చి ఉంటే అదీ కనపడేది కాదు. మళ్ళీ తీసుకెళ్తే ఏమనేవాళ్ళో, విండోస్ మార్చాలనేవాళ్ళేమో.

విషయం ఇది. సీడీలు బర్న్ చేసే సాఫ్ట్‌వేర్లు, ఫోన్‌కి పాటలెక్కించే సాఫ్ట్‌వేర్లు కొన్ని, విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్యలో తమ సొంత చిన్న డ్రైవర్ ఒకటి దూరుస్తాయి. దాని పేరు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే చోట రాసి పెడతాయి. సాఫ్ట్‌వేర్‌ని తీసేసినప్పుడు ఒక్కోసారి ఆ డ్రైవర్ ఫైలు పోతుంది కానీ పేరు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన మనిషి పేరు ఓటర్ల లిస్టులో ఉండిపోయినట్టు. విండోస్ ఆ పేరు చూసి ఫైలు కోసం వెతుకుతుంది, దొరకదు, దొరక్కపోతే డ్రైవ్‌నే నిలిపేస్తుంది. ఆ పేర్లు ఒక్క డ్రైవ్‌కి సంబంధించినవి కావు, సీడీ డీవీడీ జాతి మొత్తానికి వర్తిస్తాయి, అందుకే ఆయన ఎక్స్‌టర్నల్ కూడా ఆగిపోయింది. కోడ్ 39 ఒక్కటే కాదు, 19, 31, 32, 41 వచ్చినా చాలాసార్లు కారణం ఇదే ఉంటుందట.

రిజిస్ట్రీ జోలికి పోవడం అంటే నాకు టెన్షనే. ఆయన కూడా జాగ్రత్తగానే చేశాడు. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరసగా తెరిచి, అందులో 4డీ36ఈ965 అంకెలతో మొదలయ్యే పొడుగాటి పేరున్న ఫోల్డర్ దగ్గర ఆగాడు. కుడివైపు దాని క్లాస్ పేరు సీడీరామ్ అని ఉంటుంది, అది చూసి నిర్ధారించుకోమన్నాడు. ముందు ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి డెస్క్‌టాప్ మీద సేవ్ చేశాడు, ఏదైనా తేడా వస్తే డబుల్ క్లిక్‌తో వెనక్కి తెచ్చుకోవడానికి. ఆ తర్వాతే అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ రెండూ డిలీట్ చేశాడు. రీస్టార్ట్. డ్రైవ్ వచ్చేసింది.

మీరు సొంతంగా చేసుకోవాలనుకుంటే ఒక్క మాట, దయచేసి శ్రద్ధగా చదవండి. ఆ క్లాస్ ఫోల్డర్లో 4డీ36ఈతో మొదలయ్యేవి బోలెడు ఉంటాయి. 965 సీడీ డ్రైవ్‌ది. 967 హార్డ్‌డిస్క్‌ది, 96బీ కీబోర్డుది. వాటిల్లో కూడా అప్పర్‌ఫిల్టర్స్ అనే పేరుతోనే విలువలు ఉంటాయి, అవి విండోస్‌కి అవసరమైనవి. పొరపాటున 967లోది తీసేస్తే కంప్యూటర్ అసలు బూట్ కాకుండా పోవచ్చు, 96బీలోది తీసేస్తే కీబోర్డు పనిచేయదు. ఒక్క అక్షరం తేడాకి ఇంత అనర్థం. చేతిమీద నమ్మకం లేకపోతే షాపులోనే చేయించుకోండి, ఎక్స్‌పోర్ట్ చేశారా లేదా అని మాత్రం అడగండి. తీసేసిన తర్వాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా మిగిలి ఉంటే అది సరిగా పనిచేయకపోవచ్చు, దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది.

బయాస్‌లో పేరుండి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కాదు కదా అసలు ఆ వరసే లేకపోతే ఇంకో మందు ఉందట. పాత విండోస్ నుంచి కొత్తదానికి అప్‌గ్రేడ్ అయినప్పుడు ఇది ఎక్కువగా వస్తుందని చెప్పాడు. రిజిస్ట్రీలో సర్వీసెస్ కింద అటాపి అని ఉంటుంది, అందులో కంట్రోలర్0 అనే ఫోల్డర్ చేసి ఎనమ్‌డివైస్1 అనే విలువకి 1 ఇవ్వాలి. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్పిన పద్ధతి. మాకు దాని అవసరం రాలేదు.

ఇంతవరకూ డ్రైవ్ కనపడటం గురించి. కనపడటం వేరు, చదవడం వేరు. నేను తీసుకెళ్ళిన షష్టిపూర్తి డీవీడీ పెడితే గిర్రున తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఎంఆర్ఐ సీడీ మాత్రం వెంటనే చదివింది. ఒకే డ్రైవ్ సీడీని చదివి డీవీడీని చదవకపోవడం ఏంటని అడిగితే, లోపల లేజర్లు వేరన్నాడు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూ ఉంటుంది. డీవీడీ మీద డేటా ఉండే గుంతలు ఇంకా చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి, అందుకే సీడీలో 700 ఎంబీ పడితే డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, కాబట్టి లెన్స్ మీద కాస్త దుమ్ము ఉన్నా ముందు ఇబ్బంది పడేది డీవీడీయే. డ్రైవ్ మూత విప్పి, లెన్స్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో చాలా తేలిగ్గా తుడిచాడు. నొక్కకూడదట, లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. ఇయర్‌బడ్ కొస బూడిద రంగుకి వచ్చింది. డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడిచాడు, గుండ్రంగా తుడవకూడదన్నాడు, అలా పడే గీత డేటా వరస వెంబడే పోతుంది కాబట్టి డ్రైవ్ సరిదిద్దుకోలేదు. ఆ తర్వాత డీవీడీ చదివింది. ఒకచోట బొమ్మ కొంచెం ముక్కలు ముక్కలుగా వస్తుంది, అది డిస్కు మీద గీత. నాన్నగారు అమ్మ మెడలో తాళి కట్టే చోటు మాత్రం శుభ్రంగా ఉంది, నాకు అది చాలు.

ఇంకో చిన్న విషయం, డ్రైవ్ కనపడి, డిస్కులో ఫైళ్ళు కూడా కనపడి, వీడియో మాత్రం ఆడకపోతే అది డ్రైవ్ జబ్బు కాదు. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సదుపాయం విండోస్ మీడియా ప్లేయర్‌లో తీసేశారు. వీఎల్‌సీ వేసుకోండి, ఉచితమే.

ఎంఆర్ఐ సీడీ కాపీ చేయడంలో ఆయన చెప్పిన జాగ్రత్త పొగతోటకి వెళ్ళేవాళ్ళందరికీ పనికొస్తుంది. సీడీలో ఉన్న బొమ్మల ఫోల్డర్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి వెళ్తే చాలాసార్లు అవతల డాక్టర్ దగ్గర తెరుచుకోదు. అందులో డైకామ్‌డిర్ అనే ఫైలు ఉంటుంది, ఏ బొమ్మ ఏ వరసలోదో అదే చెప్తుంది. దానితో పాటు చూసే సాఫ్ట్‌వేర్ కూడా సీడీలోనే ఇస్తారు. మొత్తం సీడీని ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలి, పేర్లు మార్చకూడదు. ఆయన పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ చేసి, మొత్తం సీడీని ఒకే ఫైలుగా దాచే ఐఎస్ఓ ఫైలు కూడా ఒకటి చేసి ఇచ్చాడు. ఐఎస్ఓ ఉంటే డ్రైవ్ లేని కంప్యూటర్‌లో కూడా డబుల్ క్లిక్ చేస్తే డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది, విండోస్ 10లో దానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చెన్నైలో డాక్టర్‌గారి దగ్గర పెన్‌డ్రైవ్ ఒక్కసారికే తెరుచుకుంది.

ల్యాప్‌టాప్ వాళ్ళకి కూడా కొంచెం చెప్తాను, నేను ఉండగానే కావలి నుంచి ఒకాయన అదే సమస్యతో ల్యాప్‌టాప్ తెచ్చాడు. అందులో డ్రైవ్ పలచగా ఉంటుంది, కింద ఒక స్క్రూ తీస్తే పక్కకి జారి వస్తుంది. దాన్ని బయటికి లాగి, పిన్నులు తుడిచి, మళ్ళీ గట్టిగా తోస్తే వచ్చేసింది. అక్కడికక్కడే అయిపోయింది, ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వాడేవాళ్ళకైతే ఎక్కువగా కరెంటు చాలకపోవడమే కారణం. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు డ్రైవ్ అంతకంటే ఎక్కువ లాగుతుంది, అప్పుడు టిక్కు టిక్కుమని కనపడుతూ పోతూ ఉంటుంది. సీపీయూ ముందుభాగంలో పోర్టు, యూఎస్‌బీ హబ్ వాడకుండా వెనక పోర్టులో నేరుగా పెట్టాలి, లేదా కంప్యూటర్ వైపు రెండు యూఎస్‌బీ కొసలున్న కేబుల్ వాడాలి.

మొత్తం నా దగ్గర తీసుకున్నది 400, కేబుల్‌తో కలిపి. లెన్స్ తుడిచినందుకు వేరే అడగలేదు. పాత కేబుల్ నా చేతికే ఇచ్చాడు.

ఇబ్బందులు లేవని కాదు. కూర్చోడానికి ఒకటే స్టూలు, అది కూడా ఎవరో ఒకరు ఆక్రమించే ఉంటారు. సందులోకి ఆటో రాదు, సీపీయూ మోసుకుని నడవాలి, బండి పెట్టుకోడానికి చోటు దొరకడం కష్టం. పెద్దవాళ్ళు ఒక్కరే వెళ్ళకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. ఆయన లేనప్పుడు కౌంటర్లో ఉండే పిల్లవాడికి ఏమీ తెలియదు, సీపీయూ పెట్టి వెళ్ళమంటాడు, పెట్టకండి, ఆయన ఉన్నప్పుడే వెళ్ళండి. బిల్లు అడిగితేనే ఇస్తాడు, అదీ చిన్న కాయితం మీద. ఇది మార్చుకోవాలని నేరుగానే చెప్పాను, రేపు కేబుల్ మళ్ళీ పోతే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మదర్‌బోర్డు చిప్పుల స్థాయి పని ఆయన చేయడు, అలాంటిదైతే చేయనని ముందే చెప్పేస్తాడు. డేటా పోయిన హార్డ్‌డిస్కులు కూడా ముట్టుకోడు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు తీసింది బిల్లు కోసం.

వెళ్ళేవాళ్ళు పొద్దున పదకొండు లోపు వెళ్ళండి, సాయంత్రం అయితే గాంధీబొమ్మ దగ్గర జనంలో సీపీయూ పట్టుకుని నడవలేరు. తెలిసినవాళ్ళ దగ్గర నంబరు దొరికితే ఫోన్ చేసి ఆయన ఉన్నాడో లేడో కనుక్కోండి, ఒక్కోసారి ఎత్తడు, కాసేపాగి మళ్ళీ చేయండి. బాగా చదివే డిస్కు ఒకటి, మొరాయించే డిస్కు ఒకటి, ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి వెంట ఉంచుకోండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉంటే దాని కోడ్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసుకుని పోండి, ఆయన మొదట అడిగేది అదే.